మేనమామకు నిర్బంధ విశ్రాంతి

విమానాలు నడిపేవాడికి సొంతూరు వెళ్లడానికి విమానంలో చోటు దొరకదంటే మా చెల్లెలి అత్తగారు సత్తెమ్మగారు నమ్మలేదు. "బస్సు డ్రైవరు ఊరెళ్తానంటే సాటి డ్రైవరు ఎక్కించుకోడేటి?" అని అడిగారు. అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. నేను అహ్మదాబాద్ నుంచి ప్రయాణికుల విమానాలు నడుపుతాను. మా కంపెనీ మాకు టికెట్టయితే ఊరికే ఇస్తుంది గాని, ఆ టికెట్టుకు సీటుండదు. కొనుక్కున్నవాళ్లంతా కూర్చున్నాక ఏదైనా మిగిలితే అది మనది. పెళ్లిళ్ల రోజుల్లో ఏదీ మిగలదు. యూనిఫారం వేసుకుని, టోపీ చంకలో పెట్టుకుని, గేటు దగ్గర నిలబడి, నా సీటు తాలూకు ఆసామి పరుగెత్తుకుంటూ వస్తున్నాడేమోనని చూస్తూ చాలా సాయంత్రాలు గడిపాను. ఆసామి ప్రతిసారీ వచ్చాడు.

అందుకని మా పైలట్లందరికీ ఒక దొడ్డిదారి ఉండేది. అది సరుకు విమానం. అందులో ప్రయాణికులకు సీట్లుండవు, కాని కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్ల వెనకాల గోడకు ఒక మడత సీటు ఉంటుంది. జంప్ సీటంటారు. తనిఖీకి వచ్చేవాళ్ల కోసం పెట్టారు. తనిఖీకి ఎవరూ రారు కనక ఎప్పుడూ ఖాళీయే. ఏ కంపెనీ పైలటైనా, సెలవు మీద ఇంటికి పోతుంటే, మెట్లెక్కి ఆ కాక్‌పిట్ గుమ్మం ముందు టోపీ తీసి నిలబడి "కెప్టెన్‌గారూ, చోటుందా?" అని అడగాలి. ఎంత సీనియరైనా అడక్కుండా లోపలికి అడుగు పెట్టకూడదు. ఆయన రమ్మంటే వెళ్లి కూర్చోవాలి. వెంట ఏదో ఒక మిఠాయి తీసుకెళ్లాలి. దారి పొడుగునా ఆయనకు విసుగు పుట్టకుండా కబుర్లు చెప్పాలి. దిగేటప్పుడు మనం తాగిన కాఫీ కప్పు మనమే పట్టుకుపోయి పారెయ్యాలి. ఇంతే పద్ధతి. దీన్ని ఎవరూ ఏ కాగితం మీదా రాయలేదు, అందుకే ఇన్నేళ్లూ ఏ గొడవా లేకుండా నడిచింది.

శీఘ్రవాహన కార్గో అనే కంపెనీ విమానం రోజూ మధ్యాహ్నం అహ్మదాబాద్‌లో బట్టల బేళ్లు ఎక్కించుకుని సాయంత్రానికి విశాఖపట్నంలో దిగేది. మర్నాడు అక్కణ్ణుంచి రొయ్యల పెట్టెలతో తిరిగొచ్చేది. దాని కెప్టెన్ ఇస్మాయిల్ కడప మనిషి, నాకు పాత స్నేహితుడు. మాది అనకాపల్లి. విశాఖపట్నంలో దిగితే ఇంటికి చేరినట్టే.

ఒకరోజు అనకాపల్లి నుంచి మా చెల్లెలు గౌరి ఫోన్ చేసింది.

"అన్నియ్యా, పాపకి చెవులు కుట్టించేస్తన్నాం. ఆదివారం పొద్దున్న ముహూర్తం పెట్టీసారు" అంది.

నేను డ్యూటీ చార్టు వెతుక్కునేలోపు ఆమె గొంతు మారింది. "పేరు పెట్టినప్పుడు నువ్వు రాలేదు. అన్నం ముట్టించినప్పుడూ రాలేదు. మీ అన్నియ్య మబ్బుల్లోనే ఉంటాడా, ఎప్పుడైనా నేల మీదికి దిగుతాడా అని మా అత్త అందరి ముందూ అడిగింది. తల కొట్టేసినట్టయిపోనాది నాకు."

మా వైపు ఆడపిల్లకు చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోబెడతారు. అమ్మా నాన్నా పోయాక గౌరికి పుట్టిల్లంటే నేనొక్కణ్ణే. ఆ ఒడి కూడా లేకపోతే పుట్టింటివాళ్లు ఈ పిల్లను పట్టించుకోలేదని ఊరంతటికీ చెప్పినట్టవుతుంది.

"పెదనాన్న కొడుకు సూరిబాబుని కూకోమందామా అని ఈళ్లు అడుగుతున్నారు. నేను ఒప్పుకోలేదు" అంది గౌరి. "నువ్వు రాకపోతే ఖాళీ కుర్చీలో పిల్లని కూకోబెట్టి కుట్టించేస్తాను. అందరూ చూడనీ."

"వస్తానే. శనివారం సాయంత్రానికి విశాఖపట్నంలో ఉంటాను" అన్నాను. ఆ మాట అక్షరాలా నిలబెట్టుకున్నాను. సమస్య అంతా అక్కడే వచ్చింది.

మా పరిశ్రమకు ఏటా ఒక పూనకం వస్తుంది. ఒక ఏడాది అందరూ చిరునవ్వు నేర్చుకోవాలన్నారు. మరో ఏడాది ప్రాణాయామం. ఈ ఏడాది అలసట. శీఘ్రవాహన కార్గోలో శ్రేయస్సు విభాగానికి వ్యాఘ్రేశ్వరరావుగారనే కొత్త ఉపాధ్యక్షుడొచ్చారు. అంతకుముందు ఆయన ఒక పెద్ద హోటల్లో పరుపుల వ్యవహారం చూసేవారు. మూడు రోజుల సదస్సుకు వెళ్లి, పైలట్లు అలసిపోతారన్న సంగతి తెలుసుకుని, అందరికంటే ముందు తామే కనిపెట్టినంత ఉత్సాహంతో తిరిగొచ్చారు. పైలట్లు అలసిపోతారన్నది నిజమే. నిజమైన దాన్ని పట్టుకున్నవాణ్ణి ఆపడం ఎవరితరమూ కాదు.

ఇదంతా నాకు అప్పటికి తెలియదు. శనివారం మధ్యాహ్నం యూనిఫారం వేసుకుని, మోహన్‌థాల్ మిఠాయి డబ్బా పట్టుకుని, సరుకు విమానం మెట్లెక్కి, గుమ్మం ముందు టోపీ తీసి "కెప్టెన్‌గారూ, చోటుందా?" అన్నాను.

ఇస్మాయిల్ వెనక్కి తిరిగి చూశాడు. మొహంలో కళ లేదు.

"నేను రమ్మనే కాలం పొయింది నూకరాజూ. ఇప్పుడు ఇది రమ్మనల్ల" అని ఒక ట్యాబ్ చేతికిచ్చాడు. "నిన్నటి నుంచే పెట్టినారు. నేనూ ఇంకా సాంతం సదవలా."

తెర మీద నా పేరు, కింద 'అదనపు సిబ్బంది' అన్న హోదా, దానికింద చాలా పేజీల మేటర్, అన్నిటికంటే కింద 'అంగీకరిస్తున్నాను' అన్న, వేలిముద్ర తీసుకునే పచ్చ బటన్. సిబ్బంది అన్న మాట చూడగానే నా ఒళ్లు పొంగిపోయింది. పైలటును ప్రయాణికుడంటే కోపమొస్తుంది గాని, సిబ్బంది అంటే ఎక్కడైనా సంతకం పెడతాడు. ఎగరబోయే ముందు విమానం చుట్టూ తిరిగి చిన్న సొట్ట కనిపించినా వంగి చూస్తాం మేము. అటువంటివాణ్ణి అన్ని పేజీలనూ వేలితో పైకి తోసేసి బటన్ నొక్కేశాను.

"సదివినావా?" అన్నాడు ఇస్మాయిల్.

"ఏముంటుందిలే" అన్నాను.

దారంతా కబుర్లు చెప్పాను. మోహన్‌థాల్ అయిపోయింది. సాయంత్రం విశాఖపట్నంలో దిగి, కాఫీ కప్పు నేనే పట్టుకుని మెట్లు దిగేసరికి కింద ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా మీద 'విశ్రాంతి పర్యవేక్షకుడు' అని కుట్టి ఉంది. పేరు దేముడు. చక్కెర మిల్లులో వాచ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడట.

"రండి బావూ, పక్కలేసి ఉంచేను" అన్నాడు.

"నేను అనకాపల్లి వెళ్లాలి" అన్నాను.

"మీరు సిబ్బంది కదండీ. సిబ్బంది పడుకోవాలండి. రూలు."

ఇస్మాయిల్, అతని కో పైలటూ తలలు వంచుకుని అతని వెనకాల నడుస్తున్నారు. గేటు నా వేలిముద్రకు తెరుచుకోలేదు. తెర మీద ఎర్ర అక్షరాలతో 'అలసిన సిబ్బంది' అని వచ్చింది. అప్పుడు, విశ్రాంతి గదిలో మంచం మీద కూర్చుని, ఇస్మాయిల్ ట్యాబ్ తీసుకుని ఆ పేజీలన్నీ చదివాను.

విషయం చాలా సులువుగా ఉంది. కాక్‌పిట్‌లో ఆసనంపై కూర్చున్న ప్రతి వ్యక్తీ సిబ్బందే. సిబ్బంది అందరూ అలసినట్టుగానే భావించబడుదురు. అలసిన సిబ్బందికి సంస్థ గదిలో పది గంటల నిరంతరాయ విశ్రాంతి ఇవ్వబడును, మధ్యలో అంతరాయం కలిగినచో విశ్రాంతి మొదటినుండి ప్రారంభించబడును. విశ్రమించిన సిబ్బంది వచ్చిన విమానంలోనే తిరిగి వెళ్లవలెను. దీనికి అప్పుడే ఒక సవరణ కూడా వచ్చింది. మొదటి రోజే జైపూర్‌లో ఒక పైలటు తాను కాక్‌పిట్‌లో ఉన్నంతసేపే సిబ్బందిననీ గదిలో కాదనీ వాదించి బయటికి పోయాడట. అందుకని 'కాక్‌పిట్‌లోగాని, విశ్రాంతి గదిలోగాని, సిబ్బందికి సంబంధించిన ఏ ఆసనంపై కూర్చున్నవారైనా సిబ్బందే' అని చేర్చారు.

గోడ మీద వ్యాఘ్రేశ్వరరావుగారి ఫోటో, 'మీ నిద్రకు మేము మేలుకొని ఉన్నాం' అన్న నినాదం, ఫోన్ నంబరు ఉన్నాయి. ఫోన్ చేశాను.

"కెప్టెన్, ఈ విధానం వెనుక ఒక దార్శనికత ఉంది" అని మొదలుపెట్టారాయన. "అలసట అనేది కంటికి కనిపించని శత్రువు. దానిపై మేము సమగ్ర పోరాటం ప్రారంభించాం."

"నేను అలసిపోలేదండి. వెనక సీట్లో కూర్చుని మిఠాయి తిన్నాను. పైగా నేను మీ ఉద్యోగిని కూడా కాదు."

"మీరు మా ఉద్యోగి కాకపోవచ్చు. కాని మీ అలసట మా విమానంలో పుట్టింది. కనుక అది మా సంస్థకు చెందిన అలసట. దాన్ని మీరు బయటికి తీసుకుపోవడానికి వీల్లేదు."

రేపు పొద్దున్నే మేనకోడలి చెవులు కుట్టిస్తున్నారని, మేనమామ ఒడి కావాలని చెప్పాను. ఆయన చాలా సంతోషించారు.

"కుటుంబ బంధాలను సంస్థ ఎల్లవేళలా గౌరవిస్తుంది. ఇప్పుడే పడుకుంటే ఉదయానికల్లా మీ విశ్రాంతి పూర్తవుతుంది. అయితే ఈ ఫోన్ సంభాషణ వల్ల మీ విశ్రాంతికి అంతరాయం కలిగింది. నమోదు చేయిస్తున్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. కాని పొద్దుటికి బయటపడతానంటున్నారు కదా అని దీపమార్పి, కళ్లు మూసుకుని, నిజంగానే నిద్రపోయాను. కాసేపటికి తలుపు చప్పుడైంది.

"బావూ, నిద్దరోతన్నారా?" అన్నాడు దేముడు.

"పోతున్నాను."

"అయితే ఏలిముద్ర ఎయ్యండి. గంటగంటకీ సూసి రాయాలండి, నిద్దరోతన్నారా లేదా అని." నా వేలు మిషన్ మీద పెట్టించుకుని దాని వంక చూశాడు. "మాటాడేరు కదండీ. మళ్లీ మొదట్నించీ ఒచ్చింది."

తెల్లవార్లూ ఇదే వరస. పొద్దున మొహం కడుక్కోవడానికి వెళ్తే ఇస్మాయిల్ కనిపించాడు. హాయిగా నిద్రపోయి లేచిన మొహం.

"బొటనేలు దుప్పటి బయట పెట్టి పండుకోల్లప్పా" అన్నాడు. "ఆయప్పే వచ్చి వేయించుకుని పోతాడు, మనం లేసే పనే ల్యా. నీకు సెప్పడం మర్సిపొయినా."

నా విశ్రాంతి అప్పటికి గంట కూడా పూర్తికాలేదు. అప్పుడు గౌరి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావు అన్నియ్యా?"

"విశాఖపట్నంలోనే ఉన్నానే. నిన్న సాయంత్రమే దిగాను."

"దిగి ఏటి చేస్తన్నావు మరి?"

"పడుకున్నాను" అన్నాను.

నేను ఏనాడూ అంత సిగ్గుపడలేదు. తర్వాత జరిగిందంతా చెప్పాను. విని, "సరే, నువ్వు రాలేవు కదా, అందర్నీ తీసుకుని మేమే వచ్చీస్తాం. ముహూర్తం దాటకుండా చూడు" అని పెట్టేసింది. నా మంచం పైన గోడకున్న శబ్ద మీటరు ఫోన్ మోతను పట్టుకుని నా విశ్రాంతి లెక్కను మళ్లీ సున్నాకు తెచ్చింది.

ఆ రోజు అదృష్టవశాత్తూ విశ్రాంతి వారోత్సవాలు మొదలవుతున్నాయి. కార్గో షెడ్డు పక్కనే షామియానా వేశారు. ప్రారంభించడానికి వ్యాఘ్రేశ్వరరావుగారు స్వయంగా హైదరాబాద్ నుంచి వచ్చారు. వినేవాళ్లు చాలక గేటు దగ్గర ఎవరొచ్చినా లోపలికి పంపించేస్తున్నారు. గౌరి, చంకలో పాప, వెనక పట్టుచీర కట్టుకున్న సత్తెమ్మగారు, సూదీ బంగారు తీగా సంచిలో వేసుకున్న కంసాలి వీరాచారి, నలుగురూ ఆహ్వానితుల కింద లోపలికొచ్చేశారు. మా బావగారు భోజనాల సంగతి చూడటానికి ఇంటి దగ్గరే ఉండిపోయారు.

విశ్రాంతి గది కిటికీకి రెండు గజాల దూరంలో నాలుగు మైకులు పెట్టి నిశ్శబ్దం గొప్పదనాన్ని గురించి ఉపన్యాసం ఇస్తున్నారు. ఆ ధ్వనికి మంచం కోళ్లు వణుకుతున్నాయి. శబ్ద మీటరు మాత్రం కదలలేదు. అది సంస్థ ధ్వని కనక లెక్కలోకి రాదని దేముడు చెప్పాడు.

ఉపన్యాసం అయ్యాక గౌరి తిన్నగా వెళ్లి ఉపాధ్యక్షుడి ఎదురుగా నిలబడింది. గది తలుపుకున్న అద్దంలోంచి నేను చూస్తున్నాను.

"బాబూ, మా అన్నియ్యని వదలండి. లేదంటే నన్నూ పిల్లనీ లోపలికి పంపండి. ముహూర్తం దాటిపోతాది" అంది.

"అమ్మా, మీ మనోభావాలు మాకు శిరోధార్యం" అన్నారాయన చేతులు జోడించి. "కాని విశ్రాంతి గదిలోకి సిబ్బందికి తప్ప అన్యులకు ప్రవేశం లేదు. ఇది మీ అన్నయ్యగారి ఆరోగ్యం కోసమే."

గౌరి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె పక్కనున్న ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ వైపు చూసింది. ఆ చూపు నేను భరించలేకపోయాను. రాత్రంతా చదివిన రూల్సన్నీ బుర్రలో గిర్రున తిరిగాయి. తలుపు సందులోంచి కేకేశాను.

"సార్, సవరణ గురించి చిన్న సందేహం. సిబ్బందికి సంబంధించిన ఏ ఆసనంపై కూర్చున్నా సిబ్బందే కదండీ?"

ఆయన మొహం వికసించింది. ఆ సవరణ చదివిన మనిషి ఆయనకు ఇంతవరకూ ఒక్కడూ తగల్లేదనుకుంటాను.

"నిస్సందేహంగా. ఆ పదం నేనే ఎంచుకున్నాను."

"నా ఒడి నాకు సంబంధించిందే కదా?"

"నిర్వివాదాంశం."

"దాని మీద పాప కూర్చుంటుంది. మరి అది ఆసనం కాదంటారా?"

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించారు. పక్కనున్న ఇద్దరు అధికారులు కూడా కళ్లు మూసుకున్నారు. "శరీరభారాన్ని మోయునట్టి సమతల ప్రదేశం..." అని తనలో తాను అనుకుని, ఆయన కళ్లు తెరిచారు. "ఒడి కూడా ఆసనమే. కెప్టెన్, మీరు విధానం ఆత్మను పట్టుకున్నారు. పాపను సిబ్బందిగా నమోదు చేయండి."

దేముడు పాప బొటనవేలు మిషన్ మీద పెట్టాడు. మిషన్ ఒప్పుకుంది. తల్లి పిల్లను అందించడానికీ, కంసాలి పని చెయ్యడానికీ, ఎక్కడా కూర్చోకుండా నిలబడి ఉండాలన్న షరతు మీద అనుమతి దొరికింది.

మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. గౌరి పాపను నా ఒళ్లో పెట్టింది. కొత్త పట్టులంగా గరగరలాడింది. వెచ్చటి చిన్న తల వచ్చి నా రొమ్ముకు ఆనుకుంది. ఆ పిల్లను నేనెత్తుకోవడం అదే మొదటిసారి. రోజూ నూటయాభైమందిని గాల్లోకి తీసుకెళ్లి దింపేవాణ్ణి, ఆ నాలుగు మూరల మంచం మీద పిల్ల జారిపోతుందేమోనని భయపడ్డాను. వీరాచారి వంగి ఒక చెవి, వెంటనే రెండో చెవి కుట్టేశాడు. పాప ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, కార్గో షెడ్డు రేకులు మోగేటట్టు ఏడ్చింది.

"మేనమామ ఒళ్లోనే కుట్టేరు" అన్నారు గుమ్మంలో నిలబడ్డ సత్తెమ్మగారు, ఊరివాళ్లెవరూ అక్కడ లేకపోయినా అందరికీ వినబడేలా. గౌరి చీర చెంగుతో మొహం తుడుచుకుంది. నాకు అంత సంతోషంగా ఎన్నడూ లేదు.

వ్యాఘ్రేశ్వరరావుగారు తలుపు దగ్గరకొచ్చి అభినందించారు. "శుభం. ఇక సిబ్బంది కానివారు బయటికి దయచేయాలి. కొత్త సిబ్బందికి పది గంటల విశ్రాంతి ప్రారంభమైంది."

"కొత్త సిబ్బందెవరు?" అంది గౌరి.

ఆయన పాపను చూపించారు.

"పాలు తాగే పిల్లండీ."

"ఆహార విరామానికి విధానంలో ఏర్పాటు ఉంది. దరఖాస్తు చేసుకోవచ్చు. విశ్రాంతి అనంతరం ఈ సిబ్బంది నిబంధనల ప్రకారం అహ్మదాబాద్ విమానంలో బయలుదేరుతారు."

గౌరి పాప కోసం చేతులు చాపింది. సత్తెమ్మగారు గుమ్మంలోంచి కదిలారు.

"నా మనవరాల్ని ఎవులు పంపుతారో నానూ సూస్తాను" అని ఆవిడ దేముణ్ణి పక్కకు నెట్టి, లోపలికొచ్చి, గదిలోని రెండో మంచం మీద దబ్బున కూర్చున్నారు.

అక్కడున్న అధికారి ఒకడు "సార్, సిబ్బందికి సంబంధించిన ఆసనం" అని గుర్తుచేశాడు. సత్తెమ్మగారి వేలిముద్ర తీసుకున్నారు. అది చూసి గౌరి వచ్చి ఆవిడ పక్కనే కూర్చుంది. తెల్లవారుజాము నుంచీ నిలబడే ఉన్న వీరాచారి, ఇంకేముందని మంచం పట్టె మీద చతికిలపడ్డాడు. నేను కాక మరో నలుగురు సిబ్బంది తయారయ్యారు.

బయట రొయ్యల లారీ వచ్చి ఆగింది. ఇస్మాయిలూ అతని కో పైలటూ విశ్రాంతి పూర్తి చేసుకుని టోపీలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. కాని పాప ఏడుపు పక్కగది మీటరుకు కూడా తగిలింది. వాళ్లది కూడా సున్నాకు వచ్చింది. ఇస్మాయిల్ టోపీ తీసేసి మళ్లీ వెళ్లి పడుకున్నాడు. పాప ఏడ్చినప్పుడల్లా మీటరున్న మంచాలన్నిటి విశ్రాంతీ మొదటికొస్తోంది. చెవులు సలుపుతున్న పిల్ల ఊరుకుంటుందా? ఎత్తుకుని తిప్పుదామంటే నేను విశ్రాంతిలో ఉన్నాను, నడవకూడదు.

మధ్యాహ్నం అయింది. లారీ కింద మంచు కరిగి నీళ్లు కారుతున్నాయి. షామియానాలో వారోత్సవాల భోజనాలు జరుగుతున్నాయి. గాలి అటు తిరిగినప్పుడల్లా అతిథులు ఆకుల ముందు నుంచి లేచిపోతున్నారు. రొయ్యల యజమాని హైదరాబాద్ ప్రధాన కార్యాలయానికి గంటకోసారి ఫోన్ చేసి, విమానం ఎందుకు లేవలేదని అడుగుతున్నాడు. పైలట్లు పడుకున్నారన్న జవాబు అతనికి నచ్చడం లేదు.

ఆ గదిలో అన్ని బాధలకూ అతీతంగా ఉన్నది సత్తెమ్మగారొక్కరే. రాత్రంతా మెలకువగా ఉండి బూరెలు వండారావిడ. పైగా కుడిచెవి వినబడదు. ఎడమచెవి తలగడకు ఆనించి, చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడేసి పడుకున్నారు. పిల్ల ఏడ్చినా ఆవిడ కదల్లేదు. ఆవిడ మంచం దగ్గర శబ్ద మీటరు కూడా లేదు, లెక్కంతా వేలిముద్రదే. దేముడు గంటగంటకూ వచ్చి, వేలాడుతున్న బొటనవేలికి మిషన్ ఆనించి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు.

చీకటి పడే వేళకు మిషన్ ఒక తీయని గంట మోగించింది. తెర మీద ఆకుపచ్చ రంగులో వచ్చిన వాక్యాన్ని వ్యాఘ్రేశ్వరరావుగారు అందరి ముందూ చదివారు. మధ్యాహ్నం నుంచి చెమటలు కక్కుతూ తిరుగుతున్న ఆయనకు కళ్లు చెమర్చాయి.

"విశాఖపట్నం కేంద్రంలో సంపూర్ణ విశ్రాంతి పొంది, విమానానికి అర్హత సాధించిన సిబ్బంది ఒకరు. శ్రీమతి సత్తెమ్మగారు."

కంప్యూటర్ అంతటితో ఆగలేదు. అర్హులు ఒక్కరే ఉన్నారు కనక అహ్మదాబాద్ విమానం డ్యూటీ కూడా ఆవిడకే వేసింది. ఎడమ సీటు, కెప్టెన్ హోదా. ఒక అధికారి "సార్, ఆమెకు విమానం నడపడం రాదు" అన్నాడు.

"దానికి శిక్షణ విభాగం ఉంది" అన్నారు ఉపాధ్యక్షులు. "మన విభాగం వరకు ఆమెలో ఏ లోపమూ లేదు."

సత్తెమ్మగారు లేచి, జుట్టు ముడి వేసుకుని, విషయం తెలుసుకుని నా వంక చూశారు. "ఇదేటి బావూ నీ ఉజ్జోగం. పడుకుంటేనే ఇంత పెద్దదా? ఇన్నాళ్లూ దీనికేనా నువ్వు రానిది?" అన్నారు.

లారీలోని రొయ్యలు అప్పటికి ఇంక ఎక్కడికీ వెళ్లే స్థితిలో లేవు. ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన ఫోన్‌ను వ్యాఘ్రేశ్వరరావుగారు నిలబడి విన్నారు. తర్వాత వారోత్సవాలు విజయవంతంగా ముగిశాయని ప్రకటించి, గేట్లు తెరిపించారు. అందరం నడుచుకుంటూ బయటికొచ్చేశాం. పాప నా భుజం మీద నిద్రపోయింది, ఇప్పుడు లెక్క పెట్టేవాళ్లెవరూ లేరు.

జరిగిన దాని మీద విచారణ సంఘం వేశారు. రూల్సన్నిటినీ పరిశీలించి, అందులో ఏ దోషమూ లేదని తేల్చారు. దోషం సీటుదట. అది లేకపోతే నేను కూర్చునేవాణ్ణి కాను, నేను కూర్చోకపోతే ఒడి ఉండేది కాదు, ఒడి లేకపోతే రొయ్యలు చెడేవి కావు. అందుకని ఆ కంపెనీ విమానాలన్నిట్లోంచీ జంప్ సీట్లు ఊడబెరికేశారు. మిగతా కంపెనీలు ఇది చాలా ఆధునికంగా ఉందని వాళ్లూ ఊడబెరికారు. ఇప్పుడు ఏ పైలటూ ఏ గుమ్మం ముందూ టోపీ తీసి చోటడగడు. ఇస్మాయిల్ అహ్మదాబాద్‌లో దూరం నుంచి నన్ను చూస్తే కాక్‌పిట్ కిటికీలోంచి చెయ్యి ఊపుతాడు. నేనూ ఊపుతాను. అతని వెనకాల గోడకు నాలుగు మేకుల చిల్లులున్నాయని చెప్పాడు.

ఊడబెరికిన వాటిలో ఒక సీటును వ్యాఘ్రేశ్వరరావుగారి కార్యాలయం ముందు గాజు పెట్టెలో పెట్టారు. ఆయన ఇప్పుడు అధ్యక్షుడు. ఏదో సంతకం కోసం ఒకసారి వెళ్లాల్సి వచ్చి, ఆ వరండాలో రెండు గంటలు నిలబడ్డాను. వచ్చినవాళ్లు కూర్చోవడానికి అక్కడ వేరే కుర్చీ లేదు. గాజు పెట్టె మీద ఇత్తడి అక్షరాలతో 'శ్రేయస్సుకు చిహ్నం. కూర్చోరాదు' అని రాసి ఉంది.

గౌరికి ఈమధ్య రెండో పిల్ల పుట్టింది. మొన్న ఫోన్ చేసి పేరు పెట్టే ముహూర్తం చెప్పింది. వస్తావా అని అడగలేదు.

"ఈసారి విమానం జోలికెళ్లకు అన్నియ్యా" అంది. "రెండ్రోజులు ముందు బయల్దేరి, రైలెక్కి వచ్చీ."